లెక్కపెట్టేవాడు కనబడకూడదు

ఫారం పద్నాలుగు పేజీలు. తొమ్మిదో పేజీలో ఒక ప్రశ్న ఉంది: బిడ్డ రోజుకు సుమారుగా ఎన్ని వేర్వేరు మాటలు వాడుతుంది? దాని కింద నాలుగు గడులు. మా అమ్మాయి పెన్ను ఆ నాలుగింటి మీదా తిరుగుతోంది గానీ ఎక్కడా దిగడం లేదు.

"సుమారుగా అంటే ఏం చెప్తాం నాన్నా? నేను పొద్దున వెళ్తే సాయంత్రం ఆరింటికి గానీ రాను కదా" అంది.

"సుమారెందుకు, కచ్చితంగా చెప్తాను" అని సంచీలోంచి నోటుబుక్కు తీశాను.

ఆ నోటుబుక్కు ఆ రోజు ఇంట్లో మర్చిపోయి ఉంటే ఎంత బావుండేదో. నేను మర్చిపోనివి అంటూ ఉంటే అలాంటివే. కళ్ళజోడు మర్చిపోతాను, గొడుగు మర్చిపోతాను.

గువ్వ నా మనవరాలు. అసలు పేరు ఫారం మీద ఉంది, ఇంట్లో అందరికీ గువ్వే. నాలుగేళ్ళు దాటి మూడు నెలలు. నడక, పరుగు, అల్లరి అన్నీ వేళకే వచ్చాయి, మాటలే ఆలస్యం. మా వీధి చివర బడిలో చేరాలంటే ముందు ఈ అంచనా కేంద్రం వాళ్ళు పిల్లని చూసి కాగితం ఇవ్వాలి. వాళ్ళు మామూలు తరగతి అంటే వీధి చివరికి నడిచి వెళ్తుంది. కాదంటే ఊరికి అవతల ఉన్న ప్రత్యేక బడికి, పొద్దున ఆరున్నర బస్సు. ఆ బడి చెడ్డదేం కాదు. కానీ రానూపోనూ రెండున్నర గంటలు, పైగా అక్కడ మొదలుపెట్టిన పిల్లలు ఇటు తిరిగి రావడం చాలా తక్కువని అందరూ చెబుతున్నారు. మా అల్లుడు వంతెనల పని మీద నెలకు ఇరవై రోజులు బయటే ఉంటాడు. పిల్ల విషయంలో అమ్మాయీ నేనూ మిగిలాం.

మమ్మల్ని పిలిచిన మేడం గదిలో కిటికీ పడమరకి ఉంది. ఎండ గువ్వ కళ్ళల్లో పడుతుంటే, ఆవిడ మాట ఆపకుండానే చెయ్యి చాచి తెర లాగింది. ఆ తెర లాగిన చేతిని తల్చుకునే తర్వాత రోజుల్లో ఆవిడ మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోయాను.

"ఇది మీరే రాశారా సార్?" అని నోటుబుక్కు పేజీలు తిప్పింది.

"నేనే. ఐదు నెలల లెక్క. రోజూ ఒకే వేళ, నాలుగు నుంచి ఐదు దాకా. వేరే మాట అన్నప్పుడల్లా, ఆఫీసులో కార్లు లెక్కపెట్టే చేతి కౌంటర్‌ని టక్‌మని నొక్కి, మాట పక్కన రాసి పెట్టాను. వెనక పేజీలో గ్రాఫు కూడా ఉంది."

"ఏం పనిచేసేవారు మీరు?"

"ట్రాఫిక్ సిగ్నళ్ళు. ఏ కూడలిలో ఎర్రదీపం ఎన్ని సెకన్లు ఉండాలి, పచ్చదీపం ఎన్ని సెకన్లు ఉండాలి అన్నది మా ఆఫీసే లెక్కేసేది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు."

"అందుకే ఇంత శుభ్రంగా ఉంది" అంది. నేను పొంగిపోయాను. అమ్మాయి వైపు చూశాను కూడా, విన్నావా అన్నట్టు.

మేడం గ్రాఫు దగ్గర ఆగిపోయింది. మొదటి నెల గంటకి సగటున ముప్ఫై ఎనిమిది. రెండో నెల అరవై ఒకటి. అక్కణ్ణుంచి గీత దిగుతూ దిగుతూ ఆఖరి వారానికి తొమ్మిది దగ్గరకొచ్చింది.

"ఇది దిగుతోంది కదా సార్."

"దిగుతుందండీ. అది మంచిదే" అని మొదలుపెట్టాను. ఒక వ్యవస్థ ఒక స్థితిలోంచి ఇంకో స్థితికి మారే ముందు తడబడుతుందని, మనిషి ఎదుగుదల మేడ మీద మేడ కట్టినట్టు ఉండదని, ఒక్కోసారి పాత అంతస్తు కూలితే గానీ కొత్తది లేవదని చెప్పుకుంటూ పోయాను. కాలేజీలో నన్ను పట్టుకున్న పిచ్చి అది. ఉద్యోగంలో అదే అన్నం పెట్టింది. రద్దీ తగ్గాలని కొత్త వీధి తెరిస్తే రద్దీ పెరగడం, ఉన్న వీధి మూస్తే తగ్గడం నా కళ్ళతో చూశాను. ముక్కలన్నీ తెలిసినా మొత్తం ఏం చేస్తుందో తెలియని వాటి గురించి నాకు తెలుసు అనుకునేవాణ్ణి.

ఆవిడ ఓపిగ్గా వింది. "కావచ్చు సార్. కానీ మాకు రెండు వేర్వేరు గడులున్నాయి. మాటలు ఆలస్యంగా వస్తుంటే ఒకటి. వచ్చిన మాటలు పోతుంటే ఇంకోటి. ఈ పుస్తకం చూడకపోతే నేను మొదటిది రాసేదాన్ని, మామూలు తరగతికే పంపేవాళ్ళం. ఇది చూశాక అలా రాయలేను. పదిహేను రోజుల్లో రెండోసారి తీసుకురండి. ఆ రోజు మాట్లాడితే సరే. మాట్లాడకపోతే ప్రత్యేక బడికి సిఫారసు చెయ్యాల్సి ఉంటుంది."

"అయితే ఆ పుస్తకం ఇచ్చెయ్యండి" అంది అమ్మాయి.

"ఫైల్లోకి వచ్చిన కాగితం వెనక్కి ఇవ్వడానికి లేదండీ. కావాలంటే జిరాక్సు ఇస్తాను."

బస్సులో అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గువ్వ మా ఇద్దరి మధ్య కూర్చుని తన చెప్పు పట్టీ ఊడదీస్తూ, మళ్ళీ పెట్టుకుంటూ ఉంది. మూడో స్టాపు దాటాక అమ్మాయి నోరు విప్పింది.

"ఎవరడిగారు నాన్నా నిన్ను?"

నిజంగానే ఎవరూ అడగలేదు.

ఆ రాత్రే కేంద్రానికి ఉత్తరం రాద్దామని కూర్చుని నాలుగు పేజీలు రాశాను. వెయ్యి కార్లు వెళ్తున్న రోడ్డు మీద ఒకడు ఊరికే బ్రేకు మీద కాలు వేస్తే, పావుగంట తర్వాత మూడు కిలోమీటర్ల వెనక కార్లు నిలిచిపోతాయి. అక్కడ ప్రమాదం ఉండదు, గొయ్యి ఉండదు. ఏ కారుకి ఆ కారు చూస్తే తప్పేమీ కనబడదు. ఆగడం అన్నది ఏ ఒక్క కారులోనూ లేదు, వాటి మధ్య ఉంది. మాట కూడా పిల్ల నోట్లో ఉండే వస్తువు కాదు, పిల్లకీ చుట్టూ ఉన్నవాళ్ళకీ మధ్య పుట్టేది. కాబట్టి పిల్లని ఒక్కదాన్నీ గదిలో కూర్చోబెట్టి కొలిస్తే దొరికేది సగమే. ఇంత బాగా రాశానా అని నేనే రెండుసార్లు చదువుకున్నాను.

ఐదు రోజులకి జవాబు వచ్చింది. వివరణ ఒక పేజీకి మించరాదు.

నాలుగు పేజీలు ఒకటి చేశాను. కార్లు మిగిలాయి గానీ బ్రేకు పోయింది, గొయ్యి పోయింది. మూడు రోజులకి ఇంకో జవాబు. ఇలాంటి విషయాలు పన్నెండో పేజీలో 'ఇతర వివరాలు' అన్న గడిలో మాత్రమే రాయవలెను. పన్నెండో పేజీ తీసి చూశాను. రెండు గీతలున్నాయి. ఒక్కో గీతా నా బొటనవేలంత పొడవు.

ఫోను చేస్తే ఒక గొంతు మీ పిలుపు మాకు ముఖ్యమని చెప్పి పన్నెండు నిమిషాలు సంగీతం వినిపించింది. ఫోను పెట్టేసి వంటగదిలోకి వెళ్ళి శుభ్రంగా ఉన్న గిన్నెలే మళ్ళీ కడిగాను. సింకు పక్కనే నిలబడి గువ్వ చూస్తోంది. నన్ను ఒక్క మాట అడగలేదు. అంత చిన్న పిల్ల అంత మౌనంగా ఎలా నిలబడగలదు? లెక్కకి అందని భయం ఒకటి పట్టుకుంది నన్ను. చెయ్యి తుడుచుకుని కౌంటర్ తీసుకున్నాను, నోటుబుక్కు కోసం సొరుగు తెరిచాను. పాతది వాళ్ళ దగ్గర ఉండిపోయింది. కొత్తది కొన్నాను అప్పటికే.

"గువ్వా, ఇటు రామ్మా. ఇదేంటి చెప్పు?"

"చెంచా."

టక్. రాసుకున్నాను. తలెత్తేసరికి పిల్ల పెదాలు బిగించుకుని ఉంది. ఆ గంటకి అదొక్కటే.

మర్నాడు సాయంత్రం పార్కు బెంచీ మీద రెడ్‌లైట్ కలిశాడు. మా ఆఫీసులోనే చేసి నాకన్నా రెండేళ్ళు ముందు రిటైరయ్యాడు. ఏ ప్రతిపాదన తెచ్చినా ముందు కాదనేవాడు, అందుకే ఆ పేరు. జరిగినదంతా చెప్పాను. కేంద్రాన్నీ మేడంనీ ఫోనులో సంగీతాన్నీ కలిపి తిట్టాను.

అంతా విని, "సరేలే గానీ, లెక్కపెట్టేటప్పుడు నువ్వెక్కడ కూర్చుంటావ్?" అన్నాడు.

"ఎక్కడేంటి, పిల్ల ఎదురుగానే."

"చేతిలో కౌంటరు?"

"ఉంటుంది."

"కనబడేట్టు?"

కౌంటర్ నొక్కే బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాను.

"ఓరి నీ అసాధ్యం కూలా" అన్నాడు, చాలా నెమ్మదిగా. "కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మొదటి రోజు ఏం చెప్పేవాడివి గురూ నువ్వు?"

నేను చెప్పేదే నాకు వినబడింది. లెక్కపెట్టేవాడు కనబడకూడదు. రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని చేతిలో ఏదో నొక్కుతూ కాగితం మీద రాసుకునేవాణ్ణి చూస్తే డ్రైవర్లు పోలీసనుకుంటారు. వేగం తగ్గిస్తారు, కొందరు పక్క సందులోకి తిరిగేస్తారు. మా తొలి రోజుల్లో ఒక కూడలిని వారం పాటు అలా లెక్కపెట్టి, రద్దీ లేదని తేల్చి, పచ్చదీపం తగ్గించి, ఊరంతా మమ్మల్ని తిట్టేలా చేసుకున్నాం. ఆ తర్వాత నుంచి దుకాణం అద్దం వెనకే కూర్చునేవాళ్ళం. ఇరవై ఎనిమిదేళ్ళ పాటు ఆ నియమం ఒక్కసారి తప్పలేదు.

"రోడ్డుకిచ్చిన మర్యాద మనవరాలికి ఇవ్వలేదన్నమాట" అన్నాడు రెడ్‌లైట్. అని, తన దగ్గరున్న బిస్కెట్ పొట్లంలో ఆఖరిది నా చేతిలో పెట్టాడు. తిట్టినవాడు తినిపించడం కూడా ఒక అదృష్టమే.

ఇంటికొచ్చి కౌంటర్‌ని మా ఆవిడ గుండీల డబ్బాలో పడేసి మూత పెట్టాను. ఆమె పోయి రెండేళ్ళయింది. బట్టలు కుట్టేది, ఎక్కువగా పాతవి సరిచేసేది. ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగితే ఎవరూ ఏమీ చెప్పరండీ అనేది. తను మాత్రం తలొంచుకుని గుండీలు కుడుతూ కూర్చుంటే వీధిలో వాళ్ళంతా వచ్చి పక్కన కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుని పోయేవారు.

రెండు రోజులు గువ్వని ఏమీ అడగలేదు. మూడో రోజు మధ్యాహ్నం తను బట్టలుతికే మిషను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్ళో చెవి చిరిగిన ఏనుగు బొమ్మ. మిషను గుండ్రంగా తిరుగుతోంది. నేను తలుపు వెనక, ఇస్త్రీ బట్టల పక్కన ఉన్నాను. అక్కడ నిలబడాలని నిలబడలేదు, తువ్వాలు కోసం వచ్చాను.

"ఎర్ర చొక్కా" అంది గువ్వ. కొంచెం ఆగి "టక్" అంది. "అమ్మ చొక్కా. టక్. నీళ్ళు తిరుగుతున్నాయి. టక్."

తర్వాత ఏనుగుని దగ్గరికి లాక్కుని దాని నోటి మీద చెయ్యి పెట్టింది.

"ష్. తాతయ్య రాసుకుంటున్నాడు. మాట్లాడకు."

ఆ మాట మా అమ్మాయిది. గొంతు కూడా అమ్మాయిదే. నేను అమ్మాయి ఇంటికి వచ్చి చేరిన కొత్తలో సిగ్నళ్ళ గురించి చిన్న పుస్తకం రాస్తానని భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. పిల్ల దగ్గరికి రాబోతే అమ్మాయి చంకనెత్తుకుని తీసుకుపోతూ అదే మాట అనేది. పుస్తకం ఎప్పుడో ఆగిపోయింది. నియమం మాత్రం పిల్ల దగ్గర ఉండిపోయింది.

అంటే ఐదు నెలలుగా జరిగింది ఇది. పిల్ల ఒక మాట అంటుంది. నేను టక్‌మని నొక్కి రాయడం మొదలుపెడతాను. తాతయ్య రాసుకుంటున్నాడు కాబట్టి పిల్ల నోరు మూసుకుంటుంది. మాటలు తగ్గాయని నేను కంగారుపడి ఇంకా దగ్గరగా కూర్చుంటాను, ఇంకా ఎక్కువ రాస్తాను. పిల్ల ఇంకా బుద్ధిగా ఉంటుంది. నాలుగు పేజీల ఉత్తరంలో ఎవరో ఒకడు బ్రేకు మీద కాలు వేస్తాడని రాశానే, ఆ కాలు నాది.

సాయంత్రం అమ్మాయికి చెప్పాను. బ్యాగు భుజాన ఉండగానే వింది.

"అంటే నా కూతురు నీకు మర్యాద చేసి మార్కులు పోగొట్టుకుందా?"

"అదే అనుకుంటున్నాను."

"ఇల్లంతా ఆఫీసు చేశావ్ నాన్నా." కోపంగానే అంది. బ్యాగు దించి బల్ల మీద తల పెట్టుకుంది. "దానికా మాట నేర్పింది నేనే కదా" అంది తల ఎత్తకుండా.

రెండోసారి వెళ్ళిన రోజు మేడంకి అంతా చెప్పాను, ఈసారి కార్ల ఊసెత్తకుండా. రాస్తే మాట్లాడదు, పది నిమిషాలు పెన్ను పక్కన పెట్టి చూడండి అన్నాను.

"రాయకపోతే రికార్డు ఎక్కడిది సార్? విన్నది విన్నప్పుడే రాయాలి, తర్వాత గుర్తు తెచ్చుకుని రాయకూడదు. అది మా నియమం."

"ఆ రాయడం వల్లే..."

"మీరు చెప్పింది అర్థమైంది. కానీ పెద్దవాళ్ళు చెప్పింది కాదు, నేను చూసింది రాయాలి."

నియమం మంచిదే. నా ఆఫీసులో ఉండి ఉంటే నేనూ అదే పెట్టేవాణ్ణి. అది మంచిది కాబట్టే నాకు ఒళ్ళు మండింది.

మమ్మల్ని అద్దం ఇవతల కూర్చోబెట్టారు. లోపల చిన్న బల్ల, బొమ్మల పెట్టె, గువ్వ, మేడం. మాటలు ఒక చిన్న స్పీకరులోంచి మాకు వినబడతాయి. మేడం మంచిగానే అడిగింది. నేల మీద కూర్చుంది, గొంతు తగ్గించింది, బంతి దొర్లించింది. బంతి వెనక్కి వచ్చింది, మాట రాలేదు. ఇదేంటి అంటే గువ్వ "గుర్రం" అంది. మేడం పెన్ను కదిలింది. గువ్వ పెదాలు బిగించుకుంది.

నలభై నిమిషాల్లో నాలుగు మాటలు. అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అద్దం మీద దబదబా బాదాలనిపించింది నాకు. మేడం వినాలని కూడా కాదు, ఊరికే.

గంట మోగింది. మేడం ఫారం మీద సమయం వేసి, సంతకం చేసి, పెన్ను మూత పెట్టి జేబుకి తగిలించింది. లేచి బొమ్మలు పెట్టెలో సర్దుతోంది.

"గుర్రానికి కాలు ఏదీ?" అన్నది స్పీకరు.

మేడం చెయ్యి జేబు వైపు వెళ్ళింది. సగం దారిలో ఆగింది. ఆ చెయ్యి ఆగడం అద్దం ఇవతలి నుంచి చూశాను. తర్వాత ఆవిడ గువ్వ వైపు తిరక్కుండా, గుర్రాన్ని పెట్టెలో పెట్టి ఇంకో బొమ్మ తీసుకుంది. చాలా నెమ్మదిగా. ఒక్కో బొమ్మనీ రెండుసార్లు సర్దుతోంది.

"విరిగింది అనుకుంటా" అంది, పెట్టెతో మాట్లాడుతున్నట్టు.

"ఎవరు విరిచారు? మా ఏనుక్కి కూడా చెవి చిరిగింది. అమ్మమ్మ ఉంటే కుట్టేది. అమ్మమ్మ లేదు. గుర్రానికి ఇంకో కాలు పెట్టు. నువ్వు రాసుకోవడం అయిపోయిందా?"

"అయిపోయింది."

"అయితే సరే" అంది గువ్వ.

అమ్మాయి నా మోచెయ్యి వదిలేసి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

మేడం బయటికి వచ్చి మా ఎదుటే ఫారం తీసింది. "సమయం అయిపోయాక అన్న మాటలు స్కోరులో కలపడానికి లేదు. స్కోరు తక్కువే ఉంటుంది" అంది. తర్వాత పేజీలు తిప్పి పన్నెండో పేజీ దగ్గర ఆగింది. నేను వారం రోజులుగా తిట్టుకుంటున్న ఆ రెండు గీతల మీద, అక్షరాలు చిన్నవి చేసుకుని రాసింది: సమయం ముగిసి, నేను పెన్ను మూసిన తర్వాత బిడ్డ ఏడు పూర్తి వాక్యాలు మాట్లాడినది. నా ఎదుట.

"వచ్చిన మాటలు పోతున్నాయి అన్న గడి కొట్టేస్తున్నాను. మామూలు తరగతి, ఆర్నెల్ల షరతు మీద. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూస్తాం."

"మరి ఆ నోటుబుక్కు?" అన్నాను.

"అది ఫైల్లోనే ఉంటుంది సార్. ఏం చెయ్యలేను."

ఆ గీత అలా దిగుతూనే ఉంటుంది, పిల్ల ఏ బడికి వెళ్తే ఆ బడికి ఫైలుతో పాటు. నా దస్తూరీతో. దాని పక్కన ఒక్క ముక్క రాసుకోనివ్వమని అడిగాను. ఆవిడ ఒకసారి తలుపు వైపు చూసి, ఫైలు నా ముందుకు జరిపింది. గ్రాఫు కింద, 'లెక్కపెట్టినవాడు కనబడుతూ కూర్చున్నాడు' అని రాసి సంతకం చేశాను.

వెళ్ళబోతుంటే మేడం ఒక కాగితాల కట్ట ఇచ్చింది. నూట ఎనభై కాగితాలు, రోజుకొకటి. ప్రతి దాని మీదా అచ్చులో: ఈ రోజు బిడ్డ వాడిన మాటలు. ఇంట్లో పెద్దవారు ఎవరో ఒకరు రోజూ నింపవలెను.

అమ్మాయి ఆ కట్ట వైపు చూసింది. నా వైపు చూసింది. అంచనా కేంద్రం మెట్ల మీద, నెల రోజుల తర్వాత మొదటిసారి పగలబడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"నువ్వు ముట్టుకోకు నాన్నా" అంది కట్ట బ్యాగులో పెట్టుకుంటూ. "పొద్దున బస్సులో నేను నింపుతాను, ముందు రోజువి గుర్తున్నవి. ఇంట్లో ఇవి బ్యాగులోంచి బయటికి రావు."

"తర్వాత గుర్తు తెచ్చుకుని రాయకూడదని ఆవిడ..."

"నాన్నా."

గువ్వ చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి చేతులు ఖాళీగా ఉంటే ఎటూ తోచలేదు. ఏనుగు చెవి కుడదామని గుండీల డబ్బా తెరిచాను. కౌంటర్ కింద దారాలున్నాయి. సూదిలో దారం ఎక్కించడానికే పావుగంట పట్టింది. తలొంచుకుని మొదటి కుట్టు వేశాను, వంకరగా వచ్చింది.

పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు.

"తాతయ్యా, దానికి నొప్పా?"

మెడ దానంతటదే తిరగబోయింది. సూది మీదే చూపు ఆనించి రెండో కుట్టు వేశాను.

"ఏమో మరి. నువ్వే చెప్పాలి" అన్నాను.

చెప్పింది. చాలాసేపు చెప్పింది.